ఏ గతాన్ని విడిచిపెట్టాలి? ఎవరు విడిచిపెట్టాలి?

డిసెంబరు 31 రాత్రి ఒంగోలు, నెల్లూరు, కావలి, కందుకూరు పట్టణాల్లోనూ సముద్రపు ఒడ్డు పల్లెల్లోనూ చాలా చర్చిల్లో కొత్త సంవత్సరపు ఆరాధన ముగిశాక వాగ్దాన కార్డులు పంచుతారు. పళ్లెంలో బోర్లించి పెట్టిన కార్డుల్లోంచి ఒక్కొక్కరూ ఒకటి తీసుకుని, ఆ ఏడాదంతా దేవుడు తమతో చెప్పే మాట అదేనని బీరువా తలుపుకో బైబిలు అట్టకో అంటించుకుంటారు. ఆ కార్డుల మీద తరచుగా కనిపించే వచనాల్లో యెషయా 43:18 ఒకటి: "మునుపటివాటిని జ్ఞాపకము చేసికొనకుడి, పూర్వకాలపు సంగతులను తలంచుకొనకుడి." అప్పుల్లో ఉన్న రైతుకూ, భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆమెకూ, కొడుకును పోగొట్టుకున్న తల్లికీ, పోయినేడు సంఘం డబ్బు కాజేసిన పెద్దకూ అదే కార్డు రావచ్చు. కార్డులో స్థలం తక్కువ కాబట్టి ఆ వచనానికి ముందున్న రెండు వచనాలూ తరువాతి అధ్యాయాలూ అందులో పట్టవు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

అదే గ్రంథంలో మూడు అధ్యాయాలు దాటగానే 46:9లో "చాలా పూర్వమున జరిగినవాటిని జ్ఞాపకము చేసికొనుడి" అని ఉంటుంది. ఐగుప్తులో దాసులుగా బతికిన సంగతి మరచిపోవద్దని ద్వితీయోపదేశకాండము పదేపదే హెచ్చరిస్తుంది. నాగటి మీద చెయ్యి పెట్టి వెనుకతట్టు చూసేవాడు దేవుని రాజ్యానికి తగడని లూకా సువార్త 9వ అధ్యాయంలో చెప్పిన యేసే, 17వ అధ్యాయంలో "లోతు భార్యను జ్ఞాపకము చేసికొనుడి" అంటాడు. వెనక్కి చూసి పాడైపోయిన మనిషి వైపు మనల్ని ఒకసారి వెనక్కి చూడమంటున్నాడన్నమాట. ఇక యేసు చివరి రాత్రి భోజనాన్ని తలచుకుంటూ సంఘం రొట్టె విరిచే ప్రభురాత్రి భోజనం సంగతి సరేసరి. "నన్ను జ్ఞాపకము చేసికొనుటకై దీనిని చేయుడి" అన్న మాట మీదే ఆ బల్ల నిలిచింది. దాన్ని కొరింథు సంఘానికి వివరిస్తూ పౌలు "తాను అప్పగింపబడిన రాత్రి" అంటూ మొదలుపెడతాడు. రొట్టె విరిచిన ప్రతిసారీ సంఘం ఆ ద్రోహాన్ని కూడా తలచుకుంటుంది. మరచిపోవడమే విశ్వాసమైతే ఈ బల్లకు చోటే లేదు.

మనం గతం అని ఒకే మాటతో పిలిచేదాంట్లో నిజానికి చాలా ఉన్నాయి. మనం సాధించినవి, మనం చేసిన తప్పులు, ఇతరులు మనకు చేసిన అన్యాయాలు, పోగొట్టుకున్న మనుషులు, పుట్టుకతో మనకు అంటగట్టినవి. వీటన్నిటికీ బైబిలు ఒకే సమాధానం ఇవ్వలేదు. ఒకదాని గురించి రాసిన వచనాన్ని తెచ్చి మరొకదాని మీద ప్రయోగించినప్పుడే మన బోధలు ఓదార్పుకు బదులు హాని చేస్తున్నాయని నా అభిప్రాయం.

పాత వైభవం

ముందు యెషయానే చూద్దాం. ఆ మాటలు చేరవలసినవారు బబులోను చెరలో ఉన్న యూదులు. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలింది, దేవాలయం కాలింది. వారికి తలచుకోవద్దని చెప్పిన "మునుపటివి" ఏవో తెలియాలంటే 43:16, 17 చదవాలి. సముద్రంలో త్రోవ కలగజేసినవాడు, రథాలనూ గుర్రాలనూ సేననూ పడవేసినవాడు అని అక్కడ ఉంది. అంటే ఎర్ర సముద్రం దాటిన ఘట్టం. ఇశ్రాయేలు చరిత్రలో అంతకు మించిన గొప్ప జ్ఞాపకం లేదు. ప్రవక్త పక్కన పెట్టమన్నది ఆ వైభవాన్ని. ఆనాడు సముద్రం చీల్చినట్టే ఇప్పుడూ చీలుస్తాడని ఎదురుచూస్తూ కూర్చుంటే, అరణ్యంలో దారి చేస్తున్న కొత్త పని కంటపడదని ఆయన భయం. గాయపడినవారికి గాయాన్ని మరచిపొమ్మని చెప్పే వచనంగా దీన్ని వాడడం మన సొంత కల్పన.

"వెనుక ఉన్నవి మరచి ముందున్న వాటికొరకై వేగిరపడుచు" అన్న ఫిలిప్పీ 3:13 పరిస్థితీ ఇదే. ఈ వచనం మీద ప్రసంగించేవారు ఎక్కువగా పాత పాపాల గురించి మాట్లాడతారు. అదే అధ్యాయం ఐదో వచనం నుంచి చదివితే పౌలు వెనకేసుకున్నవాటి పట్టీ కనిపిస్తుంది. ఎనిమిదో దినాన సున్నతి పొందినవాడు, బెన్యామీను గోత్రికుడు, హెబ్రీయుల సంతానమైన హెబ్రీయుడు, ధర్మశాస్త్ర విషయంలో పరిసయ్యుడు, నీతి విషయంలో అనింద్యుడు. పుట్టుక, కులగౌరవం, చదువు, నిష్ఠ. సంఘాన్ని హింసించిన సంగతి కూడా ఆసక్తికి గుర్తుగానే ఆ పట్టీలో చేరింది. క్రీస్తు ముందు పెంటతో సమానంగా ఎంచుకున్నానని ఆయన చెప్పింది వీటిని. అవమానపు చరిత్రను వదిలించుకునే మనిషి మాటలు కావివి, తన గొప్పలను వదులుకున్న మనిషి మాటలు.

తన తప్పులను మాత్రం పౌలు ఎన్నడూ మరచిపోలేదు, ఎవరినీ మరచిపోనివ్వలేదు. గలతీయులకు రాస్తూ దేవుని సంఘాన్ని ఎలా హింసించాడో చెబుతాడు. కొరింథీయులకు రాస్తూ, ఆ హింస కారణంగా అపొస్తలుడనిపించుకోవడానికి తగనంటాడు. తిమోతికి రాసిన మొదటి పత్రికలో తాను దూషకుణ్ణి, హింసకుణ్ణి, హానికరుణ్ణి అని ఒప్పుకుంటాడు. అపొస్తలుల కార్యములలో యెరూషలేము జనం ముందు ఒకసారి, అగ్రిప్ప రాజు ముందు మరోసారి అదే కథ తన నోటితో చెబుతాడు. గొప్పలు చెప్పుకోవలసి వస్తే ఇబ్బందిపడే మనిషి, తప్పులు చెప్పుకోవడానికి వెనకాడడు. మనలో చాలామందిది దీనికి సరిగ్గా తలకిందుల పద్ధతి.

ఈ జిల్లాల సంఘాలకు ఈ వచనం తగలవలసిన చోటు ఇక్కడే ఉంది. అమెరికన్ బాప్తిస్టు మిషను 1840లో నెల్లూరులో స్థిరపడింది. 1854 జనవరి 1న ఆ మిషనరీ లైమన్ జూయెట్, మరి కొద్దిమంది ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇది గర్వించదగిన చరిత్రే, కాదనను. అయితే ఒకటిన్నర శతాబ్దం నాటి ఈ సంఖ్య వినిపించనిదే వార్షికోత్సవాలు జరగవు. తమ ముత్తాతకు ఆ నదిలో బాప్తిస్మం ఇచ్చారనే మాట మీద సంఘంలో పెద్దరికం అడిగేవారూ ఉన్నారు. ఎర్ర సముద్రం దగ్గరే ఆగిపోయిన చెరవారికి యెషయా చెప్పిన మాట వీరికి సూటిగా వర్తిస్తుంది. "ఈ దినములకంటె మునుపటి దినములు ఏల క్షేమకరములు అని యడుగవద్దు" అని ప్రసంగి 7:10 చెప్పిందీ వీరితోనే. వాగ్దాన కార్డు ముందు కమిటీ సభ్యుల ఇళ్లకు పంపాలి.

పుట్టుకతో వచ్చినవి

ఆ 2,222 మంది ఏమి విడిచిపెట్టారో కూడా చూడాలి. ఎక్కువమంది మాదిగలు, చర్మకారులు. విశ్వాసంలోకి వచ్చేవారికి ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి మతపరమైన నియమాలే. ఆచరణలో అవి ఊరి కట్టుబాటును తాకాయి. ఊరి పశువు చచ్చిపోతే ఎత్తుకెళ్లి తోలు తియ్యడం, చెప్పులూ మోట తోళ్లూ కుట్టడం, అమ్మవారి జాతరలో డప్పు కొట్టడం, పిలిచిన రోజున పనికి రావడం, ఇవన్నీ తరతరాల వెట్టి. ఆదివారం రామని అన్నందుకూ, డప్పు కొట్టబోమని అన్నందుకూ బావుల దగ్గరికి రానివ్వకుండా, పనులివ్వకుండా వేధించిన ఊళ్లున్నాయి. గతాన్ని విడిచిపెట్టడానికి వారు రోజుకూలీ రూపంలో మూల్యం చెల్లించారు. మనసులో తేలికపడితే సరిపోయే వ్యవహారం కాదది.

1876 నుంచి 1878 దాకా సాగిన మహాకరువులో ఇంకో ప్రశ్న లేచింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. అన్నం కోసం మతం మారుతున్నారనే మాట రాకూడదని, కరువు సహాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిశాక కూడా జనం వెనక్కి పోకుండా ఒంగోలు దారి పట్టడం వల్లనే జూలై 3 అంత పెద్దదైంది. పాతది వదిలేశామని ఎవరైనా చెప్పినప్పుడు, దానికి ప్రతిఫలం అందుతూ ఉండగా చెబుతున్నారా, ఆగిపోయాక చెబుతున్నారా అని చూడడం మంచి పరీక్షే.

అయితే వదిలేసినవన్నీ వదిలేయదగినవేనా? కనిగిరి వైపు తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య జీవితం ఈ ప్రశ్నకు కొంత జవాబిస్తుంది. క్రైస్తవుడు కాకముందు ఆయన రాజయోగ సాధకుడు, తోళ్ల వ్యాపారి. బాప్తిస్మం తరువాత ఆయన సువార్త పట్టుకుని తిరిగిన దారులు పాత వ్యాపారపు దారులే. వినడానికి కూర్చున్నవారు పాత చుట్టరికాలవారు, పాత సాధన తెలిసి ఆయన మాటకు విలువ ఇచ్చినవారు. పాత గురుత్వాన్ని ఆయన వదిలేశాడు. అది నేర్పిన ఓపికనూ పలుకుబడినీ వదిలేయలేదు. డప్పు మాటకు వస్తే లెక్క వేరు. వెట్టిగా కొట్టిన డప్పును విశ్వాసులు విసిరికొట్టడం న్యాయమే. తరువాతి తరాల్లో అదే డప్పు దళితుల ఆత్మగౌరవ సభల్లో మోగింది, కొన్ని చర్చి ఊరేగింపుల్లోకీ వచ్చింది. వాయిద్యంలో పాపం లేదనీ, కొట్టించిన పద్ధతిలోనే ఉందనీ గుర్తించడానికి మనకు నూరేళ్లు పట్టింది.

"పాతవి గతించెను, ఇదిగో క్రొత్త వాయెను" అన్న రెండో కొరింథీ 5:17 ఇక్కడ ఇరకాటంలో పడుతుంది. సంఘంలో కులం గతించిందని చెప్పుకుంటాం. 1950 నాటి షెడ్యూల్డు కులాల రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా కూడా ఒక రకంగా అదే చెబుతుంది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ సవరించాక కూడా, క్రైస్తవుడైన దళితుడికి ఆ ఉత్తర్వు కింద ఎస్సీ హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆయన బీసీ-సీ జాబితాలోకి వెళతాడు. కాగితం మీద గతం గతించింది. అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు, పెళ్లి సంబంధాల దగ్గర, కొన్నిచోట్ల శ్మశానం దగ్గర కూడా గతించలేదు. మారినట్టు ఒప్పుకోవడానికి ఊరు సిద్ధంగా లేనప్పుడు, మారిన మనిషినే పాతది మరచిపొమ్మనడం ఎంత విచిత్రం! పౌలు ఆ వచనం రాసింది, క్రీస్తులో ఉన్న మనిషిని "శరీరరీతిగా" లెక్కకట్టడం మానండని చూసేవారికి చెబుతూ. దానికి ముందున్న 16వ వచనం చదివితే భారం ఎవరి మీద ఉందో తెలుస్తుంది.

పుట్టుకతో వచ్చినదాని పేరుతో నడుస్తున్న ఇంకో వ్యాపారం గురించి క్లుప్తంగా చెప్పాలి. వంశపారంపర్య శాపాలు తెంచే ప్రత్యేక కూడికలంటూ గోడల మీద పోస్టర్లు కనిపిస్తాయి. తాత తాగుబోతు కాబట్టి మనవడికి ఉద్యోగం రాదు, ముత్తాత పూజారి కాబట్టి పిల్లలు పుట్టరు అని చెబుతారు. నిర్గమకాండము 20:5లో మూడు నాలుగు తరాల మాట ఉన్నదే. కానీ ఆ మాటను పట్టుకుని చెరలోని జనం "తండ్రులు ద్రాక్షకాయలు తినగా పిల్లల పళ్లు పులిసెను" అని సామెత చెప్పుకుంటుంటే, యెహెజ్కేలు 18వ అధ్యాయం మొత్తం ఆ సామెతను కొట్టేయడానికే సరిపోయింది. తండ్రి దోషాన్ని కుమారుడు మోయడని అక్కడ సూటిగా ఉంది. తాగుడు వల్ల వచ్చిన అప్పూ, ఇంట్లో అలవాటైన కొట్లాటా పిల్లల దాకా వస్తాయి. వాటికి కావలసింది అప్పు తీర్చే మార్గమూ, మాన్పించే వైద్యమూ. కానుక కవరులో తెంచే కట్లు బైబిల్లో లేవు.

చేసిన తప్పు

సొంత పాపం విషయంలో మాత్రం బైబిలు మాట చాలా ఉదారమైనది. మీకా ప్రవక్త పాపాలను సముద్రపు అగాధాల్లో పడవేయించాడు. 103వ కీర్తన పడమటికి తూర్పు ఎంత దూరమో అంత దూరం చేసింది. హెబ్రీ పత్రిక యిర్మీయా మాట తీసుకుని వారి పాపాలను ఇకనెన్నడూ జ్ఞాపకం చేసుకోనని దేవుడే చెప్పినట్టు రాసింది. సర్వజ్ఞుడు ఎలా మరచిపోతాడు అని అడిగే తెలివైన పిల్లలు ప్రతి సండేస్కూలులోనూ ఉంటారు. జవాబు కొలొస్సీ 2:14లో ఉంది. మనమీద ఋణంగా ఉన్న పత్రాన్ని సిలువకు మేకులతో కొట్టి, దాని మీది చేవ్రాతను తుడిచివేశాడని పౌలు రాస్తాడు. ప్రామిసరీ నోటు సంగతి పొగాకు పండించే ప్రకాశం రైతుకు వేరే చెప్పనక్కరలేదు. బాకీ తీరి నోటు చింపేసిన తరువాత కూడా అప్పు చేసిన సంగతి ఇద్దరికీ గుర్తుంటుంది. ఆ కాగితం పట్టుకుని ఇంటి ముందుకు వచ్చే హక్కు మాత్రం ఎవరికీ ఉండదు. దేవుడు జ్ఞాపకం చేసుకోడంటే మన మీద ఆ దావా మళ్లీ వెయ్యడని.

ఈ తేడా పట్టుకోకపోతే రెండు వైపులా చిక్కులే. కొందరు నోటు చింపేసినా నమ్మక, ఎప్పుడో ఇరవయ్యో ఏట చేసినదానికి అరవయ్యో ఏట కూడా ఉపవాస ప్రార్థనల్లో క్షమాపణ అడుగుతూనే ఉంటారు. ఇంకొందరు దాన్నే పెట్టుబడిగా మార్చుకుంటారు. మన కూడికల్లో సాక్ష్యాలు వినండి. పాత జీవితపు తాగుడు, కత్తులు, జైలు ముప్పావు గంట. క్రీస్తు ఐదు నిమిషాలు. పాపం ఎంత పెద్దదైతే వక్తకు అంత పిలుపు. పౌలు తన గతం చెప్పిన తీరుతో పోల్చి చూస్తే, ఆయన ఒక్క వాక్యంలో ముగించి కృప వైపు తిరుగుతాడు.

పేతురు విషయంలో యేసు చేసిన పని ఇంకా లోతైనది. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట చలి కాచుకునే నిప్పుల దగ్గర పేతురు యేసును ఎరుగనని ముమ్మారు బొంకాడని యోహాను 18 చెబుతుంది. పునరుత్థానం తరువాత, 21వ అధ్యాయంలో, తిబెరియ సముద్రపు ఒడ్డున యేసు మళ్లీ నిప్పులు సిద్ధం చేసి, చేపలు కాల్చి, భోజనం పెట్టి, ముమ్మారు అడుగుతాడు. మూడోసారి అడిగినప్పుడు పేతురు నొచ్చుకున్నాడని కూడా రాసి ఉంది. జరిగినదేదో జరిగిపోయింది, వదిలెయ్ అనడం తేలిక. యేసు ఆ గాయాన్ని తెరిచి, దాని మీదే "నా గొఱ్ఱెలను మేపుము" అనే బాధ్యత పెట్టాడు. ఆ రాత్రి పేరెత్తకుండా దాటవేసి ఉంటే పేతురు జీవితాంతం దాని చుట్టూ తిరుగుతూ ఉండేవాడు.

క్షమాపణ దొరికింది కాబట్టి చెల్లించవలసింది పోయిందనుకోవడం ఇంకో పొరపాటు. సుంకపు గుత్తదారుడైన జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తాననీ చెప్పిన తరువాతే "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్న మాట వినిపించింది. డబ్బిచ్చి రక్షణ కొనుక్కున్నాడని దీని అర్థం కాదు. రక్షణ వచ్చిన ఇంట్లో ఎత్తుకొచ్చిన సొమ్ము నిలవదు. సంఘం భూమి అమ్ముకున్నవాడు కన్నీళ్లతో ప్రార్థన చేస్తే చాలు, లెక్క అడగడం అవిశ్వాసం అనే వాదన వినిపించిన చోట జక్కయ్య కథ ఒకసారి గట్టిగా చదివించాలి.

పోయినవారు

దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2004 డిసెంబరు 26 క్రిస్మసు మరునాడు, పైగా ఆదివారం. ఆ ఉదయం సునామీ ఈ తీరాన్ని కూడా తాకింది. అప్పటి నుంచి ఆ వారంలో పండుగనూ దుఃఖాన్నీ కలిపి మోస్తున్న ఇళ్లున్నాయి. అలాంటివారికి గతం మరచిపొమ్మని చెప్పే హక్కు ఏ బోధకుడికీ లేదు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు. తిరిగి లేచిన దేహం మీద మేకుల గుర్తులు ఉంచుకుని వాటినే తోమాకు చూపించాడు. మన సంఘాలు నోటితో ఏం చెప్పినా, ఆచారంలో ఈ సంగతి తెలిసినట్టే నడుచుకుంటాయి. ఏడాది తిరగగానే జ్ఞాపకార్థ కూడిక పెట్టి బంధువులను పిలిచి భోజనం పెడతాం, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఏడ్చేవారితో ఏడవమన్న రోమా 12:15కు గడువు తేదీ లేదు.

జరిగిన అన్యాయం

అసలు చిక్కుముడి ఇది. భర్త కొట్టాడు, బావగారు ఆస్తి లాక్కున్నాడు, ఊరు వెలివేసింది, నమ్మిన కాపరి చేయకూడనిది చేశాడు. బాధితురాలు నోరు విప్పగానే ముందు వచ్చే సలహా "క్షమించి మరచిపో అమ్మా, దేవుడు చూసుకుంటాడు". క్షమించడం, మరచిపోవడం, మళ్లీ నమ్మడం, కేసు వాపసు తీసుకోవడం ఈ నాలుగూ ఒకే పని అన్నట్టు చెబుతారు. బైబిలు వీటిని వేరువేరుగానే ఉంచింది.

డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడులసార్లు, క్షమించమన్న మాట మత్తయి 18:22లో ఉంది. దానికి కొంచెం ముందే, 15 నుంచి 17 వచనాల్లో, నీ సహోదరుడు తప్పు చేస్తే వెళ్లి అతన్ని గద్దించు, వినకపోతే ఇద్దరు ముగ్గురిని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజెయ్యి అని వరస ఉంది. తప్పును మూసిపెట్టమని అక్కడ లేదు, అంచెలంచెలుగా బయటపెట్టమని ఉంది. చట్టాన్ని ఆశ్రయించడం క్షమించకపోవడం కిందికి రాదని చూపడానికి పౌలే సాక్షి. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టించి, మరునాడు గుట్టుగా వెళ్లిపొమ్మన్న న్యాయాధిపతులతో, వారే వచ్చి మమ్మల్ని వెలుపలికి తీసుకొని పోవాలని పట్టుబట్టాడు. కైసరు ఎదుట చెప్పుకుంటానని పై విచారణ కోరాడు. తన హక్కు తెలిసిన మనిషి ఆయన.

యోసేపు కథను క్షమాపణకు ఉదాహరణగా చెప్పనివారు లేరు. ఆ కథను చివరి నుంచి చెప్పడం మన అలవాటు: "మీరు నాకు కీడు చేయనుద్దేశించితిరి గాని" అన్న మాట, కౌగిలింత. మొదటి నుంచి చదివితే వేరుగా ఉంటుంది. పదిహేడేళ్ల వయసులో సొంత అన్నల చేతిలో అమ్ముడుపోయాడు. ముప్పై ఏళ్లకు ఐగుప్తు మీద అధికారి అయ్యాడు. పెద్దకొడుకు పుట్టినప్పుడు, దేవుడు నా బాధనూ నా తండ్రి ఇంటినీ మరచిపోయేలా చేశాడని సంతోషించాడు. కొన్నేళ్లకు ధాన్యం కోసం వచ్చిన అన్నలు తమ పాత తప్పును తలచుకుంటుంటే విని అవతలికి వెళ్లి ఏడ్చాడు. మరచిపోయాననుకున్నది అంతా అక్కడే ఉంది. అప్పటికీ తానెవరో చెప్పలేదు. ఒకరిని బందీగా ఉంచుకున్నాడు, చిన్నవాణ్ణి తెమ్మన్నాడు, అతని గోనెలో వెండి గిన్నె పెట్టించాడు. ఒకనాడు తనను అమ్ముదామన్న అన్న యూదా, ఈసారి తమ్ముడికి బదులు నన్ను దాసునిగా ఉంచుకోమని ముందుకు వచ్చాడు. ఆ తరువాతే యోసేపు గొంతు విప్పాడు. అన్నలు మారారని తేలేదాకా వారి చేతికి తనను తాను మళ్లీ అప్పగించుకోలేదు. కొట్టిన భర్త రెండు ఆదివారాలు చర్చికి రాగానే భార్యను కాపురానికి పంపించే పెద్దలు ఈ అధ్యాయాలన్నీ దాటేసి చివరిది మాత్రమే చదువుతున్నారు.

ఇది ఇళ్ల వరకే ఆగదు. 1985 జూలై 17న, అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉన్న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. గొడవ మొదలైంది తాగునీటి చెరువు దగ్గర. బతికినవారు ఊరొదిలి చీరాల చేరారు. సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది, అంటే 23 ఏళ్లకు. ఆ మధ్యకాలంలో రాజీపడండి, పాతవి తవ్వుకోకండి అనే మాట బాధితులకే వినిపించిందని ఎవరైనా ఊహించగలరు. దాడి చేసినవారి ఇళ్లకు వెళ్లి, మీరు మీ పెత్తనాన్ని మరచిపోండి అని చెప్పిన శాంతిదూతలు తక్కువ. విడిచిపెట్టమనే ఉపదేశం ఎప్పుడూ పల్లానికే పారుతుంటే అందులో సువార్త పాలు ఎంత, ఊరి కట్టుబాటు పాలు ఎంత అని అడగవలసిందే.

అలాగని పగను పెంచి పోషించమని చెప్పడం లేదు. పగ తీర్చుకోవడం నా పని అని ప్రభువు అంటున్నాడని రోమా 12:19 చెబుతుంది. బాధితుడి చేతిలోంచి ప్రతీకారపు భారాన్ని దించే మాట అది. ప్రతీకారం దింపుకున్న మనిషి సాక్ష్యం చెప్పడం మానక్కరలేదు, పరిహారం అడగడం మానక్కరలేదు, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం అవిశ్వాసమని సిగ్గుపడనక్కరలేదు. క్షమాపణ ఎప్పుడు, ఎంత వరకు అనేది పక్కవారు తేదీ పెట్టి నిర్ణయించేది కాదు.

పాత బాకీ ఎలా మాఫీ చేయాలో చూపే చిన్న ఉత్తరం ఒకటి బైబిల్లో ఉంది. ఫిలేమోను పత్రిక, ఒకే అధ్యాయం. ఒనేసిము అనే దాసుడు యజమానికి దూరమై పౌలు దగ్గర చేరాడు. పౌలు అతన్ని వెనక్కి పంపుతూ, ఇక దాసునిగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకోమని యజమానికి రాశాడు. ఆ ఉత్తరంలో మనం చూడవలసినవి కొన్ని ఉన్నాయి. విడిచిపెట్టమని అడిగింది బలం ఉన్నవాణ్ణి. నష్టమేమీ జరగలేదని బుకాయించలేదు. ఏ నష్టమైనా, ఏ ఋణమైనా ఉంటే "అది నా లెక్కలో చేర్చుము" అని తన చేతి వ్రాతతో హామీ ఉన్నాడు. మధ్యవర్తిగా వచ్చే మన పెద్దల్లో జేబులో చెయ్యి పెట్టేవారు ఎంతమంది? సాధారణంగా ప్రసంగాలు ఇక్కడితో ఆగిపోతాయి. 22వ వచనంలో ఇంకొక మాట ఉంది: "నా నిమిత్తము బస సిద్ధము చేయుము." ఉత్తరం పంపి ఊరుకోకుండా, ఒనేసిమును ఏ గదిలో పడుకోబెట్టారో, ఏ పంక్తిలో కూర్చోబెట్టారో చూడడానికి పౌలు ఆ ఇంటికే వస్తానంటున్నాడు.